సెట్టు మార్చే రోజు

"ఏమోయ్, ఇలా రా. ఇవాళ సెట్టు మార్చే రోజు," అని మాస్టారు ముందుగదిలోంచి పిలిచేసరికి ఆమె వంటింట్లో టీ వడపోస్తోంది. గిన్నె చేతిలోనే ఉండిపోయింది. నిన్న పొద్దున్నే కదా మార్చింది?

ఆయన బళ్ళో మాస్టారు కాదు, టైలరు మాస్టారు. ఇంటి ముందుగదే దుకాణం. రెడీమేడ్ బట్టలు మోజుపడి కొనేసుకుని, తీరా ఇంటికెళ్ళి తొడుక్కుంటే ఒంటికి సరిపోక, మొహం వేలాడేసుకుని వచ్చేవాళ్ళకి ఆయనే దిక్కు, ఆయనకి వాళ్ళే దిక్కు. ప్యాంటు పొడుగు తగ్గించడం, నడుం బిగించడం, పోయిన జిప్పు మార్చడం. కత్తెరా మిషనూ ఆయనవి, చేతికుట్టు ఆమెది. ఇద్దరూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని పొద్దుగూకేదాకా కుడతారు. మాటలు తక్కువ. ఒకరికి దారం కావాలంటే రెండోవాళ్ళు అడక్కముందే అందిస్తారు.

ఆమె నడుముకి ఒక చిన్న యంత్రం ఉంటుంది. ఇన్సులిన్ పంపు. అది కొత్తగా వచ్చిన రోజుల్లో ఎదురింటావిడ, "మీ ఇంట్లో పంపు పెట్టించారటగా, నీళ్ళు బాగా వస్తున్నాయా?" అని బకెట్టు పట్టుకుని మరీ వచ్చింది. ఆ ముచ్చట తలుచుకుని మొగుడూ పెళ్ళాలు ఇప్పటికీ నవ్వుకుంటారు. యంత్రంలోంచి సన్నటి ట్యూబు బయల్దేరి, వీపు కిందిభాగాన, తుంటికి కాస్త పైన అంటించిన గుండ్రటి పట్టీ దగ్గర ఆగుతుంది. పట్టీ కింద మెత్తటి గొట్టం ఒకటి చర్మంలోకి దిగి ఉంటుంది. మందు చుక్కచుక్కగా అందులోంచే ఒంట్లోకి వెళ్ళాలి. ఆ మందు ఆగితే ఆమె ఆగినట్టే. పట్టీ, గొట్టం, ట్యూబు, అన్నీ కలిపి సెట్టు. దాన్ని మూడు రోజులకోసారి తీసేసి కొత్తచోట కొత్తది పెట్టాలి. అశ్రద్ధ చేస్తే ఆ చోటు వాచిపోయి మందు దిగదు, షుగరు పైపైకి లేస్తుంది.

పొట్ట మీద పాత ఇంజెక్షన్ల గడ్డలుండేవి కాబట్టి మొదట్లో వీపునే ఎంచుకున్నారు. అక్కడ ఆమెకి కన్నూ ఆనదు, చెయ్యీ అందదు. అందుకని ఆ పని ఆయన నెత్తినేసుకున్నాడు. అలా ఇలా కాదు. కిందటిసారి పెట్టిన చోటునుంచి టేపుతో కొలిచి, పక్కన సుద్దముక్కతో గీత పెట్టి, అప్పుడు పెడతాడు. కుడివైపు అయ్యాక ఎడమవైపు. "నీ వీపు మీద కోటు కుడుతున్నానోయ్, తొందర పెట్టకు," అంటాడు.

రోజులు గుర్తుంచుకోవడానికి ఫోన్లో అలారం పెట్టుకోండని క్లినిక్‌లో నర్సు చెబితే ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. పంపులోనే గుర్తుచేసే కూత ఒకటుంటే దాన్నీ ఆపేయించాడు. "నేనుండగా ఈ కూతలెందుకు సిస్టర్?" అన్నాడు. ఇంటికొచ్చి, గోడకి వేలాడే సూదుల దిండు మీద నల్లదారంతో మూడు గళ్ళు కుట్టాడు. రోజూ దుకాణం తలుపు తీయగానే ఎర్రతల గుండుసూదిని ఒక గడి ముందుకు జరుపుతాడు. మూడు గళ్ళూ తిరిగి మొదటి గడికొస్తే సెట్టు మార్చే రోజు. షుగరు చూసుకోవడం, తిండికి తగ్గ మందు మీట నొక్కుకోవడం ఆమె పని. సెట్టు మాత్రం ఆయనది. ఎనిమిదేళ్ళుగా ఆయన పిలుస్తాడు, ఆమె వెళ్తుంది. ఒక్కనాడూ ఆమె వేలు మడిచి రోజులు లెక్కపెట్టుకున్న పాపాన పోలేదు.

టీ గిన్నె దించి ముందుగదిలోకి వచ్చి చూస్తే గుండుసూది మొదటి గడిలోనే ఉంది. నిన్నటి చోటే. జరపడం మర్చిపోయి, ఉన్న గడి చూసి పిలిచాడన్నమాట. మనిషన్నాక పరాకు ఉండదూ? నవ్వుతూ చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆయన అప్పటికే చేతులు సబ్బుతో కడుక్కుని, మిషను బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, సీసాలోంచి మందుని పంపులో అమర్చే చిన్న గొట్టంలోకి ఎక్కిస్తున్నాడు. గాలిబుడగ కనపడితే గోటితో టక్కుటక్కుమని కొట్టి పైకి పంపిస్తున్నాడు. పనిలో మునిగినప్పుడు ఆయన నాలిక కొన పెదాల మధ్యనుంచి కాస్త బయటికొస్తుంది. అది చూశాక ఆమెకి నోరు రాలేదు. వెళ్ళి స్టూలు మీద అటు తిరిగి కూర్చుని, నడుం దగ్గర బట్ట పక్కకి తీసింది.

"పట్టీ ఇంకా తెల్లగా ఉందేం?" అన్నాడు.

"ఈసారి జాగ్రత్తగా ఉన్నాలెండి."

"ఈ పక్కన ఎర్రచుక్క ఏంటి?"

అది నిన్న తీసేసిన సెట్టు తాలూకు మచ్చ. "చీమ కుట్టింది," అంది.

అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమెకి అప్పటిదాకా తెలీదు. ఆయన పకపకా నవ్వాడు. "తియ్యటి ఒళ్ళాయె. చీమలేం చేస్తాయి పాపం," అని టేపుతో కొలిచి, గీత పెట్టి, సూదిని దించే స్ప్రింగు వదిలాడు. నొప్పి తెలియలేదు. ఆయన చేతిలో ఎప్పుడూ తెలియదు. చెయ్యి వణకలేదు, కొలత తప్పలేదు, ఒక్క పనీ వెనకాముందూ కాలేదు. నిన్నటి రోజు ఒక్కటే ఆయన దగ్గర లేదు. ఆమెకి భయం వేసింది.

తర్వాత రెండు రోజులూ గుండుసూది సరిగ్గానే జరిగింది. చెప్పిన వేళకి బట్టలిచ్చాడు, పాత జోకులు వేశాడు, ఎదురింటావిడ గౌనుకి జిప్పు వేసి "ఇంక బరువు పెరగనని మాటివ్వండి" అని ఏడిపించాడు. ఆమె టీ ఇచ్చే నెపంతో వచ్చి దిండు కేసి చూసి, ఊపిరి పీల్చుకుని వెళ్ళేది. పరాకే, ఇంకేం కాదు అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

మూడో పొద్దున్న సూది మొదటి గడికి వచ్చింది. ఆయన చేతులు కడుక్కోవడానికి లేచాడు కూడా. అంతలో వెనకవీధిలో కారు నడపడం నేర్పే ఆయన వచ్చాడు. కొత్త ఉద్యోగానికి ఆ మధ్యాహ్నమే ఇంటర్వ్యూ, దానికోసం కొన్న ప్యాంటు పొడుగు తగ్గించమని ఇచ్చి ఉన్నాడు. తెర చాటుకెళ్ళి తొడుక్కుని బయటికొచ్చాడు. చీలమండలు రెండూ బయటికి కనపడుతున్నాయి.

"మాస్టారూ, ఇది ప్యాంటా, నిక్కరా?" నవ్వుతూనే అడిగాడు గాని, గొంతులో నవ్వు లేదు.

మాస్టారు గొంతుక్కూర్చుని అంచు పట్టుకుని చూశాడు. టేపు పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. "నువ్వు తెచ్చినప్పుడే పొట్టిగా ఉండుంటుంది," అన్నాడు.

"అదేంటండీ, రెండంగుళాలు తగ్గించమంటే మీరే కదా కొలత తీసుకున్నారు?"

ఆమె చేతిలో సూది ఆగింది. ఆ ప్యాంటు ఆమె ఒళ్ళోకి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ఆయన కత్తిరించి ఇస్తే అంచు మడిచి కుట్టింది. మర్నాడు అదే ప్యాంటు మళ్ళీ వచ్చింది. ఆమె కుట్టిన అంచు లేదు, పచ్చిగా కత్తిరించిన కొస ఉంది. కొలత తేడా వచ్చి సవరించాడు కాబోలు అనుకుని మారుమాట్లాడకుండా మళ్ళీ కుట్టింది. పనిలో ఒకరినొకరు ఎందుకని అడిగే అలవాటు వాళ్ళకి లేదు.

"నేనే తమ్ముడూ," అంది. "ఆయన తగ్గించేశారని చూసుకోకుండా నేను మళ్ళీ కత్తిరించాను. తప్పు నాదే."

మాస్టారు గిర్రున వెనక్కి తిరిగాడు. పరాయివాళ్ళ ముందు ఆమెని పల్లెత్తు మాట అనని మనిషి. "కత్తెర ముట్టుకోవద్దని నీకెన్నిసార్లు చెప్పాను? ఈమధ్య నీకు మతి ఉండట్లేదు. ఏం చేస్తున్నావో నీకే తెలీట్లేదు," అన్నాడు.

"పోనీలెండి మాస్టారూ, అక్కనేం అనకండి," అని వచ్చినాయనే సర్దబోయాడు. తను లేనిపోని గొడవ పెట్టానన్నట్టు మొహం పెట్టాడు పాపం.

ఇద్దరూ ఆ ప్యాంటు మీద పడ్డారు. ఆమె బ్లేడుతో అంచు కుట్టు విప్పింది. మడతలో దాగిన గుడ్డంతా కిందికి దింపి, లోపలివైపు అదే రంగు గుడ్డ పేలిక అతికి, ఆయన మిషను మీద కుట్టాడు. పాత మడత గీత కనపడకుండా తడిగుడ్డ వేసి ఇస్త్రీ అదిమాడు. చీలమండలు మూతపడ్డాయి, గండం గడిచింది. డ్రైవింగాయన దండం పెట్టి పరిగెత్తాడు. అప్పటికి మధ్యాహ్నం అయింది.

సెట్టు సంగతి ఆమెకి గుర్తుంది. భోజనాలయ్యాక పిలుస్తాడనుకుంది. ఆయన భోంచేసి వచ్చి, దిండు కేసి చూసి, మొదటి గడిలో సూది ఉండటం చూసి, అయిపోయిన పనికి తలాడించినట్టు తలాడించి మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఆమె నోరు తెరవలేదు. పొద్దున్న తిట్టు తిన్న మనిషి సాయంత్రం "మీరు మర్చిపోయారు" అంటే దెప్పినట్టు ఉంటుంది. పైగా మనసులో ఒక మూల మంట కూడా ఉంది, మతి లేనిది నాకా అని. వీటన్నిటికంటే పెద్దది ఇంకోటి. ఆయనంతట ఆయనకే గుర్తొస్తే ఏమీ కాలేదన్నమాట. ప్యాంటూ, రెండోసారి మార్చిన సెట్టూ, అన్నీ ఉత్త పరాకులే అన్నమాట. ఆ గుర్తు రావడం కోసం కాచుకుని కూర్చుంది. తన ఒంటినే పందెం ఒడ్డుతున్నానని తెలిసే కూర్చుంది.

మర్నాడు సూది రెండో గడికి వెళ్ళింది. ఆమెకి నోరు పిడచకట్టుకుపోతోంది. చెంబుల కొద్దీ నీళ్ళు తాగింది, మీట నొక్కి మందు ఎక్కువ వేసుకుంది. అది దిగుతోందో లేదో దేవుడికే తెలియాలి. ఆ మర్నాడు పొద్దున్న కడుపులో తిప్పి వాంతి అయింది. కాజా కుడుతుంటే దారం రెండుగా కనపడింది. వేలు గుచ్చుకుని చూస్తే మీటరు ఎప్పుడూ చూపించనంత చూపించింది.

"ఏం తిన్నావ్?" అన్నాడు మాస్టారు కంగారుగా మిషను ఆపి.

"ఏమీ తినలేదండీ. సెట్టు మార్చాలి."

"మొన్నేగా మార్చాను."

"మార్చలేదు."

"మార్చానంటుంటే. అదిగో చూడు, మూడో గడి. సూది అబద్ధం చెప్తుందా?"

ఆమె వాదించలేదు. వాదించే ఓపికా లేదు. స్టూలు మీద అటు తిరిగి కూర్చుని బట్ట పక్కకి తీసింది. పట్టీ అంచులు లేచి, వాటికి రంగురంగుల దారప్పీచు అతుక్కుని ఉంది. చుట్టూ వాచి ఎర్రగా ఉంది. అది మొన్నటి పట్టీ కాదని చెప్పడానికి లెక్కలక్కర్లేదు, ఆయన కళ్ళే చాలు. ఆయన ఆ చోటు మీద వేలు ఆనించి తీశాడు. వేలు చల్లగా ఉంది.

నర్సు ఎప్పుడో నేర్పినట్టు ఆమె ముందు పెన్ను ఇంజెక్షను తొడకి పొడుచుకుంది. ఆయన పెట్టె తెచ్చి, తెల్లగుడ్డ పరిచి, హడావిడిగా మొదలుపెట్టాడు. పాతది పీకేశాడు. రెండోవైపు కొత్తది పెట్టాడు. ఈసారి చురుక్కుమంది. ట్యూబు తగిలించాడు. తర్వాత పంపులో గుయ్యిమని చప్పుడు మొదలైంది.

"చుక్క రావట్లేదేంటి?" అన్నాడు ఆయన, మీట నొక్కుతూ. "ఇంకా రావట్లేదేంటి?"

ఆ చప్పుడు ఏమిటో ఆమెకి ఒక్క క్షణం ఆలస్యంగా తట్టింది. ట్యూబు నింపే చప్పుడు. ట్యూబు ఒంటికి తగిలించకముందే దాన్ని మందుతో నింపాలి, కొసన చుక్క కనపడగానే ఆపాలి. ఆయన తగిలించేసి నింపుతున్నాడు. చుక్క కోసం ఆయన గాలిలో వెతుకుతున్నాడు. ట్యూబు కొస ఆమె ఒంట్లో ఉంది. చుక్క కనపడేదాకా నొక్కుతూనే ఉంటే, మనిషిని లేవకుండా చేసేంత మందు లోపలికి పోతుంది. ఆమె చెయ్యి వెనక్కి మెలితిప్పి, అందీ అందని ట్యూబుని దొరకబుచ్చుకుని లాగేసింది. ఊడివచ్చిన కొసనుంచి మందు చుక్క తెల్లగుడ్డ మీద పడింది. ఇంకోటి పడింది. గదంతా ఆసుపత్రి వాసన వేసింది.

ఆయన ఆ చుక్కల కేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ట్యూబుని తుడిచి, తగిలించి, మిగతా పనంతా నెమ్మదిగా పూర్తిచేశాడు. ఒక్కో పనికీ ముందు ఆగి, ఆమె మొహంలోకి చూసి, ఆమె తలాడించాక చేశాడు. షుగరు దిగడం మొదలయ్యేదాకా పక్కనుంచి కదల్లేదు. అప్పుడు లేచి, "దారం అయిపోయింది, తెస్తాను," అన్నాడు. సొరుగు నిండా దారపు రీళ్ళే. సాయంత్రానికి ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.

మర్నాడు పొద్దున్న, "సిస్టర్ రమ్మంది. కొత్త సెట్ల పెట్టెలు వచ్చాయట," అని ఆమెని క్లినిక్‌కి బయల్దేరదీశాడు.

నర్సు గది ఇరుకు. బల్ల మీద ఒక రబ్బరు పొట్ట, సూదులు వేసే పసుపు డబ్బా, గోడకి మూత్రపిండాల పటం. నర్సు వయసులో ఆమెకంటే చిన్నదే గాని, ఆ కుర్చీలో కూర్చుంటే అందరికీ పెద్దక్కలా ఉంటుంది. ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుంది.

"మాస్టారు చెప్పారమ్మా. ఈమధ్య మీకు మరుపు ఎక్కువైందటగా? రోజులు గుర్తుండట్లేదట. మొన్న సెట్టు మార్చనివ్వకుండా మార్చేశామని పట్టుబట్టారట."

ఆమెకి ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చింది. పక్కకి తిరిగి చూసింది. ఆయన మూత్రపిండాల పటం కేసి, ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు. ప్యాంటు నిందంటే తను కోరి తెచ్చుకుంది. ఇది ఆయన పనిగట్టుకుని వచ్చి వేసిన నింద. ఎవరిదమ్మా మరుపు అని నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన ఒళ్ళో ఉన్న చేతిసంచీ పిడి, బిగించి బిగించి పట్టుకున్న ఆ వేళ్ళు కనపడ్డాయి.

"అవును సిస్టర్," అంది. "మరుపే."

నర్సు ఆమె ఫోను తీసుకుని అలారాలు పెట్టింది. మూడు రోజులకోసారి పొద్దున్న ఒకటి. అది మోగాక కాసేపటికి షుగరు చూసుకోమని ఇంకొకటి, కొత్త సెట్టు సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలి కదా. ఆఖరి పెట్టె విప్పే వేళకి కొత్తవి తెప్పించుకోమని మరొకటి. "పడుకోబోయే ముందు మార్చకండి, నిద్రలో ఏమైనా అయితే తెలీదు. మోగగానే నోరు నొక్కేసి తర్వాత చూద్దాంలే అనుకోకండి, ఆ తర్వాత అనేది రాదు. పనయ్యాకే ఆపండి. పొట్ట మీద గడ్డలు కరిగిపోయాయి, ఇకనుంచి పొట్ట పక్కన మీకు మీరే పెట్టుకోవచ్చు. పంపులో కూత కూడా మళ్ళీ పెట్టనా?"

"పెట్టండి సిస్టర్," అన్నాడు మాస్టారు, పటం మీదనుంచి చూపు తిప్పకుండానే. "గట్టిగా మోగేలా పెట్టండి."

పెట్టెలు తెమ్మని నర్సు ఆయన్ని స్టోరు గదికి పంపించింది. ఆయన అటు వెళ్ళగానే లేచి తలుపు దగ్గరికి వేసింది.

"నిన్న ఇదే కుర్చీలో కూర్చున్నారమ్మా మీ ఆయన. జేబులోంచి గుడ్డపేలికలు రెండు తీసి నా బల్ల మీద పక్కపక్కన పెట్టారు. రెండూ ఒకే గుడ్డ, ఒకే వెడల్పు. ఒకే ప్యాంటుకి రెండుసార్లు కత్తిరించానమ్మా, చెత్తబుట్టలో దొరికాయి, ఇది నా కత్తెర కోత, మా ఆవిడకి ఇలా కొయ్యడం రాదు అన్నారు. ఆవిడ తన మీద వేసుకుంది, నేను ఊళ్ళోవాడి ముందు తిట్టాను అన్నారు. ట్యూబు సంగతి కూడా చెప్పారు."

నర్సు తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"సెట్టు నువ్వే పెట్టుకో అని నేను చెబితే వినదు, నేను చిన్నబోతానని ఆ ప్రమాదంలోనే కూర్చుంటుంది అన్నారు. మరుపు ఆమెకే అని చెప్పండి, అప్పుడు ఫోన్లో పెట్టించుకుంటుంది అన్నారు. మీకు చెప్పనని మాట తీసుకున్నారు. మాట తప్పుతున్నాను. ఎందుకంటే ఆయన్ని పెద్ద డాక్టరుకి మీరే చూపించాలి, వచ్చే వారం. వంక ఏదైనా మీరే వెతకండి."

ఆయన పరువు కాపాడుతున్నది తనేననుకుంది ఇన్నాళ్ళూ. ఆయనా అదే పనిలో ఉన్నాడు, తన ప్రాణం కోసం. మతి లేనిదని అన్నందుకు మనసులో పెట్టుకున్న మంట గుర్తొచ్చి సిగ్గేసింది. దుఃఖం ఆపుకోలేకపోయింది. చెంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మాస్టారు పెట్టెలు ఎత్తుకుని లోపలికొచ్చి ఆగిపోయాడు. "ఏమైంది? ఎందుకేడుస్తోంది?"

"మరుపుకి మందు లేదా అని అడుగుతున్నారు మాస్టారూ," అంది నర్సు.

ఆయన పెట్టెలు కిందపెట్టి, పక్కన కూర్చుని, ఆమె భుజం తట్టాడు. "ఉండే ఉంటుందిలే. దిగులెందుకు, నేనున్నానుగా," అన్నాడు. ఆమె ఆ భుజం మీది చెయ్యి మీద తన చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది.

ఆ సాయంత్రం దుకాణం తలుపులు తొందరగా మూసి ఆయన ఆమెకి పాఠం మొదలుపెట్టాడు. కోట్లు తొడిగే బొమ్మని గది మధ్యకి జరిపి, దాని నడుం చుట్టూ పాత దుప్పటి మడిచి చుట్టి, ఒక పెట్టె ఈ పనికే విప్పాడు. మహా కోపిష్టి మాస్టారైపోయాడు. చేతులు మళ్ళీ కడుక్కోమన్నాడు. గాలిబుడగ ఉండగా మందుగొట్టం పంపులో బిగించబోతే చేతిమీద ఒక్కటేశాడు. "ముందు నింపు. చుక్క చూడు. ఆ చుక్క చూశాకే బొమ్మ దగ్గరికి వెళ్ళు. చుక్క కనపడకుండా ఒంటి జోలికి వెళ్ళావో, చూడు మరి." ఆ మాట ఒక్కటే పదిసార్లు చెప్పి ఉంటాడు. ఆమె ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తలాడించింది. బొమ్మ నడుముకి పట్టీ అంటించి, అంచులు బొటనవేలితో ఎలా అదమాలో ఆమె వేలు పట్టుకుని చూపించాడు. ఎన్నో ఏళ్ళ క్రితం కాజా కుట్టడం కూడా ఇలాగే వేలు పట్టుకుని నేర్పించాడు. చివరికి ఆమె ఒంటిచేత్తో మొత్తం చేసి చూపిస్తే, "ఫరవాలేదు," అన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే మెచ్చుకున్నట్టే. ఆ రాత్రి ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

రెండు రోజుల తర్వాత పొద్దున్న ఫోను మోగింది. ఆయన మిషను దగ్గర బాబిన్‌కి దారం చుట్టుకుంటున్నాడు. తలెత్తి చూశాడు గాని లేవలేదు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, తెల్లగుడ్డ పరిచి, పెట్టె విప్పింది. సీసాలోంచి మందు ఎక్కించింది. బుడగల్ని గోటితో కొట్టింది. పాత పట్టీ చేతికి అందక, అద్దం ముందు నిలబడి కొస దొరకబుచ్చుకుని నెమ్మదిగా ఊడదీసింది. వీపు మీద అదే చివరి పట్టీ. ట్యూబు నింపి, కొసన చుక్క నిలబడగానే ఆపింది. పొట్ట పక్కన తుడిచి, ఆరనిచ్చి, ఊపిరి బిగపట్టి స్ప్రింగు వదిలింది. నొప్పెట్టింది. ఎనిమిదేళ్ళలో ఇంత నొప్పి తెలియలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గాని చెయ్యి తప్పలేదు. పట్టీ అంచులు బొటనవేలితో చుట్టూ అదిమి, ట్యూబు తగిలించి, అప్పుడు ఫోను మోత ఆపింది.

ఆయన ఎప్పుడు లేచి వచ్చాడో, పక్కన నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు సర్దుకుని, ఒంగి, అంచులు ఎక్కడైనా లేచాయేమోనని కుట్టు పరీక్షించినట్టు పరీక్షించాడు.

"ఎంత పొందిగ్గా పెట్టుకున్నావోయ్," అన్నాడు. "చుక్క చూసుకుని మరీ. ఎవరు నేర్పారు నీకు?"

ఏడిపిస్తున్నాడేమోనని ఆమె ఆయన మొహంలోకి చూసింది. వేళాకోళం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. సిస్టర్ నేర్పింది అనేస్తే పోయేదే. కానీ అబద్ధాలంటే ఆమెకి విసుగొచ్చేసింది.

"మీరే," అంది.

"నేనా? ఎప్పుడూ?"

"మొన్న సాయంత్రం. ఇక్కడే, బొమ్మ మీద."

ఆయన బొమ్మ కేసి చూశాడు. దాని మీద ఎవరిదో కోటు ఉంది. చాలాసేపు చూశాడు. వెతుక్కుంటున్నాడని, దొరకడం లేదని ఆమెకి తెలుస్తూనే ఉంది. సాయం చేద్దామంటే అక్కడికి ఆమె చెయ్యి అందదు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయితే బాగానే నేర్పానన్నమాట," అన్నాడు.